‘దూరం పోవు’ అనాలా, ‘దూరం అందవు’ అనాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. వైఫై డబ్బా హాల్లో ఉంది. రెండు గోడలు దాటి లోపలి గదిలోకి వెళ్తే 5 గిగాహెర్ట్జ్ రాదు, 2.4 మాత్రం వస్తుంది. ఎందుకురా అని అడిగితే, పదో తరగతి చదివే మా అబ్బాయి ‘పౌనఃపున్యం ఎక్కువైతే తరంగాలు దూరం పోవమ్మా’ అన్నాడు. ఆ పెద్ద మాట ఎలా పుట్టింది? వాడి వాక్యం సరైనదేనా?

జవాబు: అక్కా, ముందు మాట సంగతి. పునః పునః అంటే మళ్లీ మళ్లీ. అలా మళ్లీ మళ్లీ జరగడమే పౌనఃపున్యం. సెకనుకు ఎన్నిసార్లు అన్నది దాని లెక్క. సెకనుకు ఒకసారి అయితే ఒక హెర్ట్జ్, వెయ్యి సార్లయితే కిలోహెర్ట్జ్, పది లక్షలయితే మెగాహెర్ట్జ్, వంద కోట్లయితే గిగాహెర్ట్జ్. నోరు తిరగదని అందరూ ఫ్రీక్వెన్సీ అంటారు గానీ, అర్థం పేరులోనే ఉన్న ఇలాంటి మాటలంటే నాకు ప్రాణం.

నా అభ్యంతరమల్లా ‘పోవు’ దగ్గరే. వెలుగు కూడా విద్యుదయస్కాంత తరంగమే. దాని పౌనఃపున్యం మీ వైఫై కన్నా దాదాపు లక్ష రెట్లు ఎక్కువ. అయినా సూర్యుడి నుంచి 15 కోట్ల కిలోమీటర్లు దాటి మన వాకిట్లో పడుతోంది కదా! ఖాళీ చోటులో ఇలాంటి ఏ తరంగమైనా పోతూనే ఉంటుంది. చిక్కంతా దారిలో ఉన్నవాటితో. గోడలోని కాంక్రీటు, తేమ దాని శక్తిని పీల్చుకుని వేడిగా మార్చేస్తాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ పీల్చుకోవడం సాధారణంగా పెరుగుతుంది. 60 గిగాహెర్ట్జ్ దగ్గరైతే గాలిలోని ఆక్సిజనే మింగేస్తుంది. కిలోమీటరుకు సుమారు 15 డెసిబెల్స్, అంటే ముప్పయ్యో వంతు మిగిలితే గొప్ప.

తరంగం పొడవు సంగతి కూడా ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ 738 కిలోహెర్ట్జ్. ఆ తరంగం పొడవు 400 మీటర్ల పైనే, అందుకే నేలను అంటిపెట్టుకుని గుట్టలు చుట్టి వస్తుంది. 102.8 మెగాహెర్ట్జ్‌లో వచ్చే వివిధ భారతి తరంగం సుమారు 3 మీటర్లు, గుట్ట వెనక్కి అంతగా వంగదు. 26 గిగాహెర్ట్జ్ 5జీ తరంగమైతే సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. దానికి చెట్టు ఆకులూ అడ్డమే.

మరొకరు: తమ్ముడూ, అడ్డమేమీ లేకపోయినా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ తక్కువే ఉంటుంది కదా?

జవాబు: ఉంటుందన్నా, కానీ అది యాంటెన్నా వల్ల. పౌనఃపున్యం రెట్టింపైతే అదే రకం యాంటెన్నా సగం సైజుకు వస్తుంది, సిగ్నల్‌ను పట్టే వైశాల్యం నాలుగో వంతే. వాన అంతే పడుతోంది, మనం పట్టిన గిన్నె చిన్నది. అందుకే ‘అందవు’ అంటున్నాను. ఆ క్రియలో పంపేవాళ్లూ ఉన్నారు, పుచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ‘పోవు’లో పుచ్చుకునేవాళ్లు లేరు.

ప్రశ్న అడిగినవారు: మా అత్తమ్మ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి నడుస్తూ రోజూ అనే మాట ‘సిగ్నల్ అందుతలేదు’. మావాడి నోట్సులో ‘పోవు’ కొట్టేయించి ‘అందవు’ అని రాయించాను.