ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ దానంతట అదే ఊగుతోంది. లైట్ సెన్సర్ పోయిందా?

రాత్రిడ్యూటీ:
కొత్త ల్యాప్‌టాప్ కొని మూడు వారాలైంది. రాత్రి షిఫ్టు, ఇంట్లోంచే పని. గదిలో ఉన్నది ఒకటే ట్యూబ్‌లైటు. అయినా స్క్రీన్ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నల్లటి విండోలోంచి ఎక్సెల్‌లోకి వస్తే రెండు సెకన్లు మసగ్గా ఉండి తర్వాత తేరుకుంటుంది. వెబ్‌క్యామ్ పక్కన చిన్న చుక్క కనిపిస్తే అదే సెన్సర్ అనుకుని నల్లటేపు అంటించాను. స్క్రీన్ ఇంకా మసకబారింది గానీ ఎక్సెల్ దగ్గర గోల అలాగే ఉంది. సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లే మార్చాలంటున్నారు. ఒకటే టెన్షన్.

పాతమానిటర్:
అప్పుడే మార్పించకండి. మీ టేపే సగం సమాధానం చెప్పేసింది. చుక్క మూయగానే మసకబారిందంటే సెన్సర్ బతికే ఉంది, చీకటి పడిందనుకుంది. మూసేశాక దానికి అందే వెలుగు మారదు కదా, అయినా ఊగుతోందంటే ఊపేది ఇంకొకటి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం నొక్కండి. చుట్టుపక్కల వెలుతురును బట్టి మార్చే ఆప్షన్ ఒకటి, స్క్రీన్ మీద ఏముందో చూసి మార్చేది ఇంకొకటి ఉంటాయి. రెండోదాని పేరు ‘ఛేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్’. నల్లటి పేజీ వస్తే బ్యాక్‌లైట్ తగ్గించి బ్యాటరీ మిగులుస్తుంది. దానికీ సెన్సర్‌కీ సంబంధమే లేదు. అది ఆఫ్ చేసి చూడండి.

రాత్రిడ్యూటీ:
అన్నా, ఎక్సెల్ దగ్గర కుదుటపడింది! కానీ టేపు పీకేశాక సన్నగా ఇంకో ఊగుడు మొదలైంది. అదీ ఫ్యాన్ రెండులో పెట్టినప్పుడే. ఐదులో పెడితే లేదు. నాకే పిచ్చెక్కిందా?

లినక్స్‌తాత:
పిచ్చి కాదు బాబూ, ఫ్యాన్ రెక్క నీడ. లైటు ఫ్యాన్‌కి అవతల ఉందేమో చూడు. రెక్క అడ్డొచ్చినప్పుడల్లా సెన్సర్ చదివే లక్స్, అంటే వెలుతురు కొలత, పడిపోతుంది. మామూలుగా ఇలాంటివాటికి లొంగకుండా కొంత ఆలస్యం పెడతారు. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో వెలుగు పెరిగితే 4 సెకన్లు, తగ్గితే 8 సెకన్లు అదే స్థితి నిలిచాకే స్పందించాలని ఉంటుంది. ఫోన్ కంపెనీలు తమకు తోచినట్టు మార్చుకుంటాయనుకో. ల్యాప్‌టాప్‌లలో ఈ ఓపిక ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది. ఫ్యాన్ జోరుగా తిరిగితే నీడలన్నీ కలిసి సగటైపోతాయి, అందుకే ఐదులో నీకు తెలియట్లేదు.
నా లినక్స్ మెషీన్‌లో ఐఐఓ-సెన్సర్-ప్రాక్సీ అనే ప్రోగ్రామ్ వేసుకుని ‘మానిటర్-సెన్సర్’ అని కొడితే లక్స్ అంకెలు వరసగా కనిపిస్తాయి. పైన చెయ్యి ఆడించి చూస్తే అనుమానం తీరిపోతుంది.

నాటుకోళ్లషెడ్:
ఫోన్ గురించి అడగొచ్చా? కోడిపిల్లలకు వెచ్చదనం కోసం బ్రూడర్‌లో ఫిలమెంట్ బల్బులు పెడతాం. వాటి కింద నిలబడితే ఫోన్ వెలుగు కళ్లు పొడిచేంత పెరిగిపోతుంది. పక్కనే ఆఫీసు గదిలో ఎల్ఈడీ. కంటికి రెండు చోట్లా వెలుతురు ఒకలాగే ఉంది. ఫోన్‌కి మాత్రం ఎందుకంత తేడా?

సోల్డరింగ్‌పిచ్చి:
భలే పరీక్ష చేశారండీ, తెలియకుండానే. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగునే చూస్తుంది. సెన్సర్‌లో ఉండే సిలికాన్ ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చే ముక్క) అంతకంటే పైన, కంటికి కనబడని పరారుణంలోనే (ఇన్‌ఫ్రారెడ్) బాగా స్పందిస్తుంది. ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని పరారుణంగానే వదులుతుంది. మీకు కావలసిందీ అదే కదా, పిల్లలకు వేడి! మంచి సెన్సర్లలో పరారుణాన్ని విడిగా కొలిచి తీసేస్తారు, లేదా పైన ఫిల్టర్ పెడతారు. మీ ఫోన్‌లో ఆ పని సరిగా జరగట్లేదని నా అనుమానం. ఎల్ఈడీలో పరారుణం దాదాపు ఉండదు కాబట్టి ఆఫీసు గదిలో గొడవ లేదు.
నేను సెన్సర్ లేని పాత మానిటర్‌కి బీహెచ్1750 అనే లైట్ సెన్సర్ మాడ్యూల్, ఈఎస్‌పీ32 అనే బుల్లి కంప్యూటర్ బోర్డు పెట్టి సొంతంగా చేసుకున్నాను. మానిటర్‌కి ఆజ్ఞలు డీడీసీ ద్వారా, అంటే వీడియో కేబుల్‌లోంచే. మొదట లక్స్ రెట్టింపైతే వెలుగూ రెట్టింపు అని రాశా. ఘోరం. రాత్రి గదిలో 50 లక్స్, ఆఫీసులో 300-500, నడినెత్తిన ఎండలో లక్ష. ఆ లక్షకి లెక్క కట్టేసరికి ఇంట్లో ఎక్కడ కూర్చున్నా స్క్రీన్ ఒకేలా చచ్చినట్టుండేది. లక్స్ పది రెట్లయితే బ్రైట్‌నెస్ ఒక మెట్టు అని, అంటే లాగరిథమ్‌లో, మార్చాకే కంటికి నప్పింది.

మండుటెండబైక్:
నాది తలకిందుల సమస్య. విజయవాడలో మధ్యాహ్నం డెలివరీ తిరుగుతుంటే మ్యాప్ కనబడేది కాదు. ఆటో ఆన్‌లో ఉన్నా ఎండలో వెలుగు పెరగదు. టెంపర్డ్ గ్లాస్ మార్చిన రోజు నుంచే ఈ బాధ అని తర్వాత తట్టింది. దాని అంచుకున్న నల్లరంగు సరిగ్గా సెన్సర్ మీదికొచ్చింది. గ్లాస్ పీకేస్తే దారికొచ్చింది. అయినా పావుగంట ఎండలో ఉంటే మళ్లీ మసకే. అది సెన్సర్ కాదు, ఫోన్ వేడెక్కి తనే తగ్గించుకోవడం. నీడలో పెడితే కాసేపటికి సర్దుకుంటుంది.

లినక్స్‌తాత:
శామ్‌సంగ్ ఫోనైతే డయలర్‌లో *#0*# కొట్టి సెన్సర్ అనే గడిలోకి వెళ్తే లైట్ సెన్సర్ లక్స్ కనిపిస్తుంది. గ్లాస్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చూస్తే వాదనే ఉండదు.

అమ్మఫోన్‌డాక్టర్:
ఇంకోటి. ఆండ్రాయిడ్ 9 నుంచి అడాప్టివ్ బ్రైట్‌నెస్ మనం స్లయిడర్ జరిపిన ప్రతిసారీ నేర్చుకుంటుంది. మా ఇంట్లో పిల్లాడు దుప్పట్లో దూరి ఫుల్లుగా పెట్టుకుని ఆడీ ఆడీ అమ్మ ఫోన్‌కి అదే అలవాటు చేశాడు. చీకట్లో తెరిస్తే టార్చ్‌లైటే. నాలుగు రోజులు ఓపిగ్గా రాత్రిపూట తగ్గిస్తూ వస్తే దారిలో పడింది.

రాత్రిడ్యూటీ:
తాతగారు చెప్పిందే నిజం, ట్యూబ్‌లైటు ఫ్యాన్ వెనకే ఉంది. టేబుల్ జరపడానికి జాగా లేదు. వెలుతురును బట్టి మార్చే ఆప్షన్ కూడా ఆఫ్ చేసేసి కీలతోనే పెంచుకుంటున్నా. సర్వీస్ సెంటర్‌కి రానని చెప్పేశా. ఇప్పుడు ఆ చుక్క మీద టేపు జిగురు వదలట్లేదు, దేంతో తుడవాలి?

పాతమానిటర్:
కళ్లద్దాల గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క తడిపి మెల్లగా. మెషీన్ ఆఫ్ చేశాకే. స్క్రీన్‌కి తగలనివ్వకండి.