అప్‌డేట్: వీధంతా కలిసి కొందామన్న షాపు ఏమైందంటే

సత్యనారాయణపురంలో మా వీధి చివర పాత షాపు గది అమ్మకానికి వచ్చింది, 40 ఇళ్లవాళ్లం తలా 50 వేలు వేసి కొందామనుకుంటున్నాం, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద పెట్టాలని అడిగాను కదా. పనైపోయింది.

ఒక్కరి పేరు మీద వద్దే వద్దని మీరు గట్టిగా చెప్పడం మంచిదైంది. మామూలు సొసైటీ పెడదామంటే, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద లాభం సభ్యులు పంచుకోవడం కుదరదని ఆడిటర్ అడ్డం పడ్డారు. చివరికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అదే మ్యాక్స్ కింద నమోదయ్యాం. దానికి వేర్వేరు కుటుంబాల నుంచి 10 మంది ఉంటే చాలు. దస్తావేజు సంఘం పేరు మీదే. మనిషికి ఒకటే ఓటు.

"మరి నా చేతికి కాయితం రాదా నాయనా?" అని పక్కింటి మామ్మగారు ఒకటే గోల. వాటా పత్రం ఇస్తే కళ్లజోడు పెట్టుకుని తన పేరు మూడుసార్లు చదువుకుని బీరువాలో దాచుకున్నారు.

షట్టర్ తుప్పుపట్టి ముగ్గురం లేపితే గానీ లేవలేదు. రిపేర్లకే 60 వేలు! ముందే లెక్కేసుకోకపోవడం మా తప్పే. టిఫిన్ సెంటర్ అతను నెలకు 9 వేల అద్దెకు దిగాడు. ఈ ఏడాది పంచుకోవడానికి పెద్దగా మిగలదని తెలిసి ఇద్దరు అప్పుడే డబ్బు వెనక్కి అడుగుతున్నారు. ఆ వాటాల సంగతి ఆదివారం కూర్చుని తేల్చాలి.