2020లో కువైట్ క్షమాభిక్షలో తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండి. మాది రాజంపేట దగ్గర పల్లె. మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసేది. అకామా (అక్కడ ఉండటానికిచ్చే నివాస అనుమతి) లేనివాళ్లు జరిమానా కట్టకుండా వెళ్లిపోవచ్చని 2020 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం చెబితే పేరు రాయించుకుంది. అప్పటికే ఇండియా విమానాలు ఆపేయడంతో, అలా పేరు రాయించుకున్నవాళ్లను ఉంచిన క్యాంపులోనే ఉండిపోయింది.

అమ్మకు ఆ ఎదురుచూపు కంటే మాటలే ఎక్కువ గుర్తు. విదేశీయులను ఎడారిలోకి పంపేయాలని కువైటీ నటి హయాత్ అల్ ఫహద్ టీవీలో అన్నారు. జనాభాలో 70 శాతం దాకా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలని జూన్‌లో ప్రధానమంత్రే అన్నారు. ఇక ఇంట్లో? గిన్నెలన్నీ తోమేది అమ్మే, తను తాగే గ్లాసు మాత్రం వేరుగా పెట్టారట. ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుని పెంచింది అమ్మే. ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

అమ్మ చెప్పినవన్నీ రాసిపెడుతున్నాను. ఆ క్యాంపుల్లో ఉన్నవాళ్లు, లేదా మీ ఇంట్లోవాళ్లు ఉండి ఉంటే, అక్కడ ఏం జరిగిందో చెప్తారా? అప్పటి కాగితాలు, ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? మన పక్షాన మాట్లాడిన కువైటీల గురించి తెలిసినా దయచేసి రాయండి. అమ్మకు పక్కింటామె రోజూ రొట్టెలు పంపేదట, అది కూడా రాసుకున్నాను.