వీధుల్లో హైపో చల్లించి ఏం సాధించాం? పారిశుద్ధ్య సిబ్బందిని కరోనాలో సరిగా వాడుకున్నామా?

చింతచెట్టు నీడ

మొన్న మా పట్టణంలో జ్వరాలు పెరిగాయి. కౌన్సిలర్ గారు ఫోను చేసి, "కరోనా అప్పుడు చల్లారే, ఆ మందు మా వీధిలో చల్లించండి" అన్నారు. వచ్చింది డెంగీ. దోమ ఉండేది కుండీ నీళ్లలో, ఆయన చల్లించమన్నది తారు రోడ్డు మీద.

నేను 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు వార్డు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శిగా చేరాను. పని నేర్చుకునేలోపే కరోనా వచ్చిపడింది. తెల్లవారుజామున ఐదింటికి మస్తరు, తర్వాత ట్రాక్టరు ట్యాంకులో హైపోక్లోరైట్ (క్రిములను చంపే క్లోరిన్ మందు, మా మాటల్లో హైపో) కలపడం, వీధి వీధీ తడపడం. మధ్యాహ్నానికి మా వాళ్ల కళ్లు మిరపపళ్లలా ఉండేవి. అడ్డంగా కట్టుకున్న తువ్వాలు ఆ ఘాటును ఎంత ఆపుతుంది? ఈలోగా కాలువ పూడిక అలాగే ఉండేది, కట్టడి ప్రాంతంలో చెత్త రెండు రోజులకొకసారి కదిలేది.

2020 మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వీధుల్లో మందు చల్లవద్దని చెప్పింది. మట్టి, మురికి తగిలితే క్లోరిన్ నీరుగారిపోతుంది, పైగా చల్లేవాడి ఊపిరికి చేటు. ఆ మాట తెలిసిన తర్వాత కూడా మేము చల్లుతూనే ఉన్నాం. ఆపితే "మా వీధికి రాలేదు" అని ఫోన్లు. ఆ మనుషులను, ఆ గంటలను వేరే పనికి వాడి ఉండాల్సింది అని నా వాదన. కాదంటారా?

పాత ఇన్‌స్పెక్టరు

కాదంటాను నాయనా. 1981లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరి 2014లో దిగిపోయాను. మార్చి 2020లో ఆ వైరస్ ఎలా పాకుతుందో ఎవరికి తెలుసు? కూరగాయలను సబ్బు నీళ్లలో కడిగిన రోజులు అవి. జనం హడలిపోయి ఉన్నారు. ట్యాంకు పట్టుకుని వచ్చిన మనిషిని చూసి తలుపు తీశారు, "మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా" అంటే జవాబు చెప్పారు. వట్టి చేతులతో వెళ్లి అడిగి చూడు, తలుపు సందులోంచి కూడా పలకరు.

1994 గుర్తుంది నాకు. సూరత్‌లో ప్లేగు అనగానే అక్కడ మరమగ్గాల మీద బతికే మన తెలుగువాళ్లు రైళ్లెక్కి ఇళ్లకు వచ్చేశారు. మందుల దుకాణాల్లో ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ మాత్రలు దొరకలేదు. మరుసటి ఏడాది ఎస్.ఆర్.రావు ఆ నగరానికి కమిషనరుగా వచ్చి, అధికారులను రోజూ ఉదయం వీధుల్లోకి దింపారు. "ఏసీ నుంచి డీసీకి" అని దానికి పేరు. డీసీ అంటే డైలీ చోర్స్, రోజువారీ చాకిరీ. అంత కంపుకొట్టే ఊరు రెండేళ్లు తిరగకుండా దేశంలోని శుభ్రమైన నగరాల వరుసలో నిలబడింది. పారిశుద్ధ్యం కంటికి కనబడాలి. కనబడితేనే జనం సహకరిస్తారు.

రెండో షిఫ్ట్

ఇన్‌స్పెక్టరు గారూ, సూరత్‌లో కనబడింది అధికారి. కరోనాలో కనబడింది మా అమ్మ. అధికారి వాట్సాప్ గ్రూపులో ఉండేవాడు.

అమ్మ హైదరాబాదులో వీధులు ఊడుస్తుంది. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం నగర పారిశుద్ధ్య కార్మికులకు 7,500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. బాగుంది, కాదనను. కేంద్రం 50 లక్షల బీమా కూడా ప్రకటించింది. అందులో షరతు చదివారా? కోవిడ్ రోగులతో నేరుగా మెలిగే ఆరోగ్య సిబ్బంది అయి ఉండాలి. వీధి ఊడ్చే మనిషి ఏ రోగితో మెలిగిందో ఎవరు రాసిస్తారు? రోగి మాస్కు మాత్రం చెత్తబుట్టలోంచి నేరుగా ఆమె చేతికే వచ్చేది. వాడిన మాస్కులను కాగితపు సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి పడేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ జులైలో చెప్పింది. మా కాలనీలో ఒక్క ఇల్లు కూడా పాటించలేదు. అమ్మకు సన్మానమని పూలదండ వేసిన ఇల్లు కూడా. ఆ దండ వేసిన వారానికే మేము అద్దెకున్న ఇంటి యజమాని, "రోజూ బయట తిరిగి వస్తున్నావు, వేరే గది చూసుకో" అన్నాడు.

జనానికి ధైర్యం కలగాలంటే ఆమె కళ్లు మండాలా?

కర్పూరం

అయిపోయిన పెళ్లికి మేళాలు. అప్పుడు మందు చల్లకపోతే ఇదే వేదికలో "చేతులు ముడుచుకు కూర్చున్నారు" అని రాసేవాళ్లు.

ల్యాంకషైర్ వాన

నేను ఇంగ్లండులో ఒక కౌన్సిల్‌లో పర్యావరణ ఆరోగ్య అధికారిని. హోటళ్ల వంటగదులు, తాగునీరు, అద్దె ఇళ్లలో చెమ్మ మా రోజువారీ పని. అంటువ్యాధి వస్తే ఎవరు ఎక్కడ తిన్నారు, ఎవరితో కూర్చున్నారు అని ఆరా తీయడం మాకు ముందునుంచే వచ్చు. అయినా 2020లో ఆ పనిని జాతీయ కాల్ సెంటర్లకు ఇచ్చారు. ఫోను ఎత్తకపోతే కేసు అక్కడే ఆగిపోయేది. ఆగస్టులో మా పక్కనున్న బ్లాక్‌బర్న్ కౌన్సిల్, వాళ్లకు దొరకని మనుషులను తన సిబ్బందితో వెతికించడం మొదలుపెట్టింది. వీధి తెలిసినవాడు, భాష తెలిసినవాడు తలుపు తట్టడం వేరు. కాబట్టి ఇన్‌స్పెక్టరు గారి మాటలో సగం నిజం ఉంది. కానీ తలుపు తట్టడానికి హైపో ట్యాంకు ఎందుకు?

పాత ఇన్‌స్పెక్టరు

మీకు డిగ్రీ ఉంది, చట్టం ఇచ్చిన అధికారం ఉంది. హోటలు మూయించగలరు. మా వాళ్ల చేతిలో ఉన్నది చీపురు. ఆ చీపురుకు ఆ ట్యాంకు కాస్త గౌరవం తెచ్చింది. అది మీకు అక్కడినుంచి కనబడదు.

మురుగు లెక్క

ఒక్క మాట. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు, సోకినవాళ్ల మలంలో బయటికి వచ్చే వైరస్ కోసం హైదరాబాదు మురుగు శుద్ధి కేంద్రాల నీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటికి రోజూ ప్రకటిస్తున్న కేసుల లెక్కకు దీనికి పొంతనే లేదు. మనం రోడ్డు మీద మందు పోస్తుంటే, అసలు కబురు కింద మురుగు గొట్టంలో పోతోంది.

చింతచెట్టు నీడ

ఇన్‌స్పెక్టరు గారు చెప్పిన గౌరవం మాట ఒప్పుకుంటున్నాను. మా వాళ్లలో ఇద్దరు ఆ యూనిఫారంతో ఫొటోలు తీసుకుని ఇంట్లో పెట్టుకున్నారు.

కానీ ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర చెత్త బండి నడిపే ఒకావిడ ఓ రోజు నాతో, "సార్, ఆ వీధిలో నాలుగిళ్ల చెత్తలో జ్వరం మాత్రల అట్టలే ఉన్నాయి, కూర తొక్కలు లేవు" అంది. అంటే వంట చేసుకునే ఓపిక కూడా లేదన్నమాట. రికార్డుల్లో ఆ వీధిలో ఒక్క కేసు లేదు. రాత్రి నివేదిక నింపుతూ ఆ మాట ఎక్కడ రాయాలా అని వెతికాను. ఎన్ని లీటర్లు చల్లారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఫొటో జత చేశారా అనే గడులు ఉన్నాయి. ఏం చూశారు అనే గడి లేదు. ఏఎన్ఎంకు ఫోను చేసి చెప్పాను, ఆమె మర్నాడు వెళ్లింది. అదే గడి ఉండి ఉంటే ప్రతి వార్డులో ఆవిడ లాంటి వాళ్లు ఎన్ని చెప్పేవాళ్లో.

రెండో షిఫ్ట్

ఆగండి. ఈ ఆలోచన మంచిదే అనిపిస్తుంది, కానీ నాకు భయం వేస్తోంది. ఆ రోజుల్లో జ్వరం అని తెలిస్తే ఇంటి ముందు కర్రలు కట్టేవాళ్లు. చెత్త చూసి ఇల్లు పట్టించిందని తెలిస్తే మా అమ్మ మర్నాడు ఆ వీధిలో ఎలా తిరుగుతుంది? హైపో చల్లితే కళ్లు మండుతాయి. ఇది అంటగడితే ఆమెను కొడతారు.

చింతచెట్టు నీడ

నిజమే. నేను అంతవరకు ఆలోచించలేదు. ఆవిడ పేరు నేను ఏఎన్ఎంకు కూడా చెప్పలేదు, కానీ అది నా తెలివి కాదు, మర్చిపోయానంతే.

పాత ఇన్‌స్పెక్టరు

ఇంటి నంబరు కాకుండా వీధి పేరు మాత్రమే రాయించు. మా రోజుల్లో మలేరియా వాళ్లకు అలాగే చెప్పేవాణ్ని. సరే గానీ, కౌన్సిలర్ గారి వీధి సంగతి ఏం చేశావు?

చింతచెట్టు నీడ

ఇద్దరు మనుషులను పెట్టి పాత టైర్లు, కొబ్బరి చిప్పలు ఏరించాను. ఆయన డాబా మీది తొట్టిలోనే వేలికొనంత మందాన పిల్లపురుగులు తేలుతున్నాయి. వంపించాం. ఈ సాయంత్రం మళ్లీ ఫోను చేశారు, ట్యాంకు ఎప్పుడు వస్తుందని.