ఎమర్జెన్సీలో కమిషన్ మీటింగు మొత్తం జూమ్‌లో పెడితే చెల్లుతుందా? (కాలిఫోర్నియా, స్థానిక సంస్థల మీటింగులు జనానికి తెరిచి ఉండాలనే బ్రౌన్ యాక్ట్)

కమిషన్_సభ్యురాలు
నెలకోసారి కూర్చునే లైబ్రరీ కమిషన్. కార్చిచ్చు పొగ వల్లో, ఊరు ఖాళీ చేయమన్న ఆర్డర్ వల్లో హాల్లో కలవడం కుదరకపోతే అందరూ ఇళ్ల నుంచే కూర్చోవచ్చా? జూమ్‌లో కూర్చుంటామనే తీర్మానం చేయడానికి ఒక్కసారైనా హాలుకి రావాలా? ఇంటి అడ్రసులు ఎజెండాలో వేయాలా? ఇక్కడి సిటీ కమిషన్లలో, స్కూల్ బోర్డుల్లో మనవాళ్లు ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుంది.

ఎజెండా_72
కూర్చోవచ్చండి. హాలుకి రానక్కర్లేదు, ఆ తీర్మానం చేసే మొదటి మీటింగు కూడా జూమ్‌లోనే పెట్టుకోవచ్చు. అడ్రసులు వేయనక్కర్లేదు, మీ ఇంటి తలుపుకి ఎజెండా అంటించనక్కర్లేదు, జనం కోసం హాలు తెరిచి పెట్టనక్కర్లేదు. మామూలు రోజుల్లో ఇవన్నీ తప్పనిసరి. ఎమర్జెన్సీలో సడలించేది వీటినే. రెగ్యులర్ మీటింగుకి 72 గంటల ముందు, స్పెషల్ మీటింగుకి 24 గంటల ముందు ఎజెండా పెట్టాలన్న రూల్ మాత్రం అలాగే ఉంటుంది.

అయితే ఎమర్జెన్సీ ప్రకటన ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎదురెదురుగా కూర్చుంటే వచ్చినవాళ్ల ఆరోగ్యానికో ప్రాణానికో తక్షణ ముప్పు ఉందని మెజారిటీ ఓటుతో తేల్చాలి. 2025 జనవరి 7న లాస్ ఏంజిలెస్, వెంచురా కౌంటీల మంటలకు గవర్నర్ ఎమర్జెన్సీ ప్రకటించారు. అలాంటప్పుడు, మంటల దగ్గర ఉన్న ఊరికి కారణం రాయడం తేలిక. అదే కరువు ఎమర్జెన్సీని చూపించి జూమ్‌కి వెళ్తామంటే నిలబడదు. కరువుకీ హాల్లో కూర్చోవడానికీ సంబంధం ఏముంది?

ఎవరు ప్రకటించిన ఎమర్జెన్సీ అన్నది కూడా చూసుకోండి. పాత పద్ధతిలో గవర్నర్ ప్రకటించిందే లెక్కలోకి వచ్చేది. సిటీయో కౌంటీయో ప్రకటించిన స్థానిక ఎమర్జెన్సీని కూడా ఎస్‌బీ 707 అనే రాష్ట్ర చట్టం చేర్చింది. అది 2026 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ నంబర్లు కూడా మారాయి, కాబట్టి 54953(ఇ) అని రాసి ఉన్న పాత తీర్మానాన్ని కాపీ కొట్టకండి.

క్లర్క్_డెస్క్
పైన చెప్పినవాటికి తోడు, ఎక్కువమంది తప్పేది తేదీల దగ్గర. మొదటిసారి జూమ్‌లో కూర్చున్నాక 45 రోజుల్లోపు, ఆపైన ప్రతి 45 రోజులకీ మళ్లీ ఓటు వేయాలి. తీర్మానంలో రెండు మాటలు కనిపించాలి: ఎమర్జెన్సీ పరిస్థితిని మళ్లీ పరిశీలించాం, అది ఇప్పటికీ సభ్యులు సురక్షితంగా కలవడానికి నేరుగా అడ్డుపడుతోంది.

జనవరి 10న మొదలుపెడితే గడువు ఫిబ్రవరి 24. 2021 నాటి ఏబీ 361 చట్టంలో ఇది 30 రోజులే. రెండో మంగళవారం కూర్చునే బోర్డుకి రెండు మీటింగుల మధ్య 28 రోజులో 35 రోజులో వస్తాయి. 35 వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క ఓటు కోసమే స్పెషల్ మీటింగు పెట్టాల్సి వచ్చేది. ఏబీ 557 చట్టం వచ్చాక, 2024 నుంచి 45 అయింది. నెలవారీ బోర్డులకి ఆ బాధ తప్పింది. కానీ ఒక్క మీటింగు రద్దయినా గడువు దాటిపోతుంది. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీలకైతే ఎప్పుడూ దాటుతుంది. దాటితే పాత తీర్మానాన్ని పొడిగించే ప్రయత్నం చేయొద్దు. తక్షణ ముప్పు ఉందని కొత్తగా మొదటి తీర్మానమే మళ్లీ చేయండి, ఆ ఐటంని ఎజెండాలో మొట్టమొదట పెట్టండి.

కౌన్సిల్ తీర్మానం చేసింది కదా అని కమిషన్ ఊరుకోవడం కూడా చూస్తుంటాం. ఎవరి తీర్మానం వాళ్లు చేసుకోవడమే క్షేమం.

మైక్_ఆన్
జనం మాట్లాడే హక్కు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "కామెంట్లు సాయంత్రం 4 లోపు ఈమెయిల్ చేయండి" అని మాత్రమే పెడితే చట్టాన్ని మీరినట్టే. మీటింగు నడుస్తుండగా, అప్పటికప్పుడు మాట్లాడే వీలు ఉండాలి. లింకూ ఫోన్ నంబరూ ఎజెండాలోనే వేయండి. ఫోన్‌లో వినేవాళ్లకి స్టార్ 9 నొక్కితే చెయ్యెత్తినట్టు, స్టార్ 6 నొక్కితే మ్యూట్ పోతుందని చైర్ ప్రతి ఐటం దగ్గరా చదివి చెప్పాలి. తెలియక ఊరుకున్నవాళ్లని "ఎవరూ లేరు" అని దాటేయడం అన్యాయం.

ప్రసారం తెగిపోతే అది తిరిగి వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. చిక్కు ఎక్కడంటే, సభ్యులు జూమ్‌లో ప్యానెలిస్టులుగా (కనిపిస్తూ మాట్లాడే వరుసలో) ఉంటారు. బయటివాళ్లకి ఆగిపోయినా వాళ్లకి వాళ్లు బాగానే కనిపిస్తూ ఓటేసేస్తారు. అందుకే సిబ్బందిలో ఒకరు వేరే ఫోన్ నుంచి, ఎజెండాలో ఉన్న నంబరుకే, మామూలు శ్రోతలా కలిసి మీటింగు ఆసాంతం వింటూ ఉండాలి. ఆగిన టైమూ, తిరిగి మొదలైన టైమూ మినిట్స్‌లో రాయాలి. మాట్లాడే వ్యక్తి ఇంట్లో వైఫై పోతే అది సంస్థ చేతిలో లేని విషయం, దానికి మీటింగు ఆపనక్కర్లేదు.

ఓట్లన్నీ పేరుపేరునా పిలిచి అడగాలి. "అందరూ ఓకేనా" అంటే కుదరదు.

కమిషన్_సభ్యురాలు
చాలా స్పష్టంగా ఉంది. గంట నోటీసుతో పెట్టే ఎమర్జెన్సీ మీటింగు కూడా ఇదేనా? ఇంకోటి, ఊళ్లో అంతా బాగానే ఉండి, ఒక సభ్యుడు హైదరాబాద్‌లో ఉంటే?

ఎజెండా_72
మొదటిది వేరు. సెక్షన్ 54956.5 నోటీసు టైమును తగ్గిస్తుంది, ఎక్కడ కూర్చోవాలో అది చెప్పదు. రెండూ కావాలంటే రెండిటి షరతులూ తీర్చాలి.

హైదరాబాద్ సంగతికి ఎమర్జెన్సీ దారి పనికిరాదు. మామూలు రోజులకున్న పాత దారిలో వెళ్తే అక్కడి అడ్రసు ఎజెండాలో వేసి, తలుపుకి అంటించి, ఎవరొచ్చినా లోపలికి రానివ్వాలి. కోరం (మీటింగు జరగడానికి కావాల్సిన కనీస సభ్యులు) మాత్రం మన ఊరి పరిధిలోనే ఉండాలి. రెండో దారి, తగిన కారణం చూపించి కలవడం. సొంత పని మీద వెళ్లిన ట్రిప్పు దీని కిందికి రాదు. అమ్మానాన్నలను చూసుకోవాల్సిన అవసరం పడితే వస్తుంది. దీనికి కోరం ఒకే హాల్లో ఉండాలి, ఆ సభ్యుడి కెమెరా ఆన్‌లో ఉండాలి, గదిలో 18 ఏళ్లు నిండినవాళ్లు ఉంటే ఆ సంగతీ, బంధుత్వమూ ముందే చెప్పాలి. నెలకోసారి కూర్చునే బోర్డుకి ఏడాదికి 2 మీటింగులే పరిమితి. ఇక్కడ చలికాలం సాయంత్రం 7 అంటే అక్కడ మర్నాడు పొద్దున 8:30, ఇంట్లో అందరూ తిరుగుతుండే వేళ. గది తలుపు వేసుకోమని చెప్పండి.

క్లర్క్_డెస్క్
క్లోజ్డ్ సెషన్‌కి (జనం లేకుండా జరిగే భాగానికి) వేరే లింకు పెట్టండి. జనం లింకు అలాగే తెరిచి ఉంచి, "తిరిగి వస్తాం" అని స్క్రీన్ మీద రాసి వెళ్లండి. బయటికొచ్చాక నివేదిక ఆ లింకులోనే చదవాలి.