నెమ్మదించేది గడియారమా, కాలమా? స్థలం, కాలం గురించి ఒక సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సాపేక్ష సిద్ధాంతం చదువుతూ స్థలం, కాలం దగ్గర ఆగిపోయాను. సూత్రంలో విలువలు వేసి జవాబు రాబట్టగలను కానీ విషయం మాత్రం బుర్రకెక్కడం లేదు. వేగంగా వెళ్తే కాలం నెమ్మదిస్తుందంటారు. నెమ్మదించేది గడియారమా, నిజంగా కాలమేనా? వేడికి గడియారం తేడా చేసినట్టు వేగానికీ ఏదో అవుతుందేమో కదా! ఇంకోటి, కాలం నాలుగో డైమెన్షన్ అయితే, కుడి నుంచి ఎడమకి తిరిగినట్టు కాలంలో వెనక్కి ఎందుకు తిరగలేం? పరీక్ష దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. కాస్త చెప్పండి.

జవాబు:
మొదటి ప్రశ్నకి గడియారమే లేని ఉదాహరణ చూద్దాం. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణం పైపొరల్లో గాలిని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లనే కణాలు పుడతాయి. కదలకుండా ఉన్న మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పరిగెత్తినా అంతలో 660 మీటర్లే వెళ్లగలదు.

1963లో ఫ్రిష్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ మీద, సుమారు 1,900 మీటర్ల ఎత్తులో, కాంతి వేగంలో 99.5 శాతం వేగం ఉన్న మ్యూయాన్లను లెక్కపెట్టారు. గంటకు సగటున 563 వచ్చాయి. అక్కణ్ణుంచి సముద్రమట్టానికి దిగడానికి మన లెక్కలో 6.4 మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు చాలావరకు నశించి, కిందికి చేరేవి ముప్పైకి అటూ ఇటూ ఉండాలి. కింద లెక్కపెడితే 408 ఉన్నాయి!

మ్యూయాన్‌లో స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు, వేడెక్కి సాగే భాగమంటూ ఏదీ లేదు. కాబట్టి గడియారం పాడైందనే వాదన ఇక్కడ చెల్లదు. ఆ ప్రయాణంలో మ్యూయాన్‌కి గడిచిన కాలమే తక్కువ.

ఇక మ్యూయాన్ వైపు నుంచి చూడండి. దాని ఆయుష్షు దానికి మామూలే. కానీ ఎదురొస్తున్న కొండ ఎత్తు దానికి 190 మీటర్లే ఉంటుంది. మనం కాలం తగ్గిందంటాం, అది దూరం తగ్గిందంటుంది. ఎన్ని బతికి కిందికి చేరాయన్న దగ్గర మాత్రం ఇద్దరికీ తేడా రాదు.

మరో సభ్యుడు:
పై జవాబులోని చివరి ముక్క పట్టుకుంటే రెండో ప్రశ్న కూడా తేలిపోతుంది. నన్నడిగితే, ‘కాలం నాలుగో డైమెన్షన్’ అని మొదటి పేజీలోనే చెప్పేయడం వల్లే సగం గందరగోళం. ముందు ఒక లెక్క చేయండి.

నక్షత్రం 4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది (కాంతి సంవత్సరం అంటే కాంతి ఒక ఏడాదిలో వెళ్లే దూరం). రాకెట్ వేగం కాంతి వేగంలో 0.8 వంతు. భూమి లెక్కలో ప్రయాణానికి 5 ఏళ్లు. ఇప్పుడు 5 వర్గంలోంచి 4 వర్గం తీసేయండి: 25 - 16 = 9. వర్గమూలం 3. రాకెట్‌లో ఉన్నవాళ్లకి గడిచేది సరిగ్గా 3 ఏళ్లే. వాళ్లకి బయలుదేరడం, చేరడం రెండూ తమ కిటికీ ముందే జరిగాయి, అంటే వాటి మధ్య దూరం సున్నా. 9 - 0, మళ్లీ 9. కాలం వేరు, దూరం వేరు, ఈ 9 మాత్రం ఎవరు కొలిచినా మారదు. 1908లో గణిత శాస్త్రవేత్త మింకోవ్‌స్కీ స్థలాన్నీ కాలాన్నీ కలిపి ఒకటిగా చూడాలన్నది ఇందుకే.

అసలు సంగతంతా ఆ మైనస్ గుర్తులో ఉంది. పైథాగరస్ సూత్రంలో ప్లస్ ఉంటుంది కాబట్టి, ఒక బిందువు నుంచి సమాన దూరంలో ఉన్న చోట్లన్నీ కలిపితే వృత్తం వస్తుంది. దాని మీద జరుగుతూ కుడి నుంచి ఎడమకి రావచ్చు, ఎక్కడా తెగదు. మైనస్ పెడితే వచ్చేది అతిపరావలయం (హైపర్‌బోలా). అది రెండు ముక్కలు: ఒకటి భవిష్యత్తు వైపు, ఒకటి గతం వైపు. మధ్యలో దారి లేదు. ఆ ఖాళీ దాటాలంటే కాంతిని మించిన వేగం కావాలి. మీరు వెనక్కి తిరగలేకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. కానీ రాకెట్ వాళ్లకి భూమే కదా కదులుతున్నట్టు కనిపించేది? మరి తిరిగొచ్చాక ఎవరి వయసు తక్కువ?

మరో సభ్యుడు:
రాకెట్ వాళ్లదే. భూమి మీద 10 ఏళ్లు, రాకెట్‌లో 3 + 3 = 6. ఒక అక్షం మీద స్థలం, ఇంకోదాని మీద కాలం పెట్టి ఇద్దరి దారులూ గీస్తే, భూమి గీత తిన్ననిది, రాకెట్ గీత నక్షత్రం దగ్గర విరిగింది. ఆ మలుపు దగ్గర ఇంజిన్ వేయాల్సింది, కుదుపు తెలిసేది రాకెట్ వాళ్లకే. మామూలు త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడోదానికంటే ఎక్కువ. ఇక్కడ మైనస్ ఉంది కాబట్టి తలకిందులు, విరిగిన దారిలోనే కాలం తక్కువ.

ఇంకొకరు:
జీపీఎస్ సంగతి కూడా చెప్పాలి. ఆ ఉపగ్రహాల గడియారాలు వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి, గురుత్వం అక్కడ తక్కువ కాబట్టి 45 ముందుకెళ్తాయి. నికరంగా 38 ముందు. అంతలో కాంతి 11 కిలోమీటర్లు వెళ్లిపోతుంది. అందుకే ముందుగానే సరిచేసి పంపుతారు. గురుత్వం కథ పెద్దది, మీ పరీక్షయ్యాక వేరే చర్చ పెట్టుకుందాం.

ప్రశ్న అడిగినవారు:
3 కాంతి సంవత్సరాలు, 0.6 వేగం పెట్టి చేశాను. భూమికి 5 ఏళ్లు, రాకెట్‌కి 4. కరెక్టేనా?

మరో సభ్యుడు:
కరెక్టే. రాకెట్ వైపు నుంచి దూరం కూడా కట్టండి, 4 ఏళ్లని 0.6తో గుణిస్తే 2.4 కాంతి సంవత్సరాలు. నేనిచ్చిన లెక్కలోనూ 2.4 వస్తుంది. అది కాకతాళీయం, అందులో అర్థం వెతక్కండి.