బోస్టన్‌లో లాభం ఎక్కువ తీసుకుంటే చర్చి కూడా శిక్షించేదా?

మసాచుసెట్స్ బే కాలనీ (ఇప్పటి అమెరికాలో ప్యూరిటన్లు అనే కఠిన ప్రొటెస్టెంట్ క్రైస్తవులు పెట్టుకున్న ఇంగ్లిష్ వలస, బోస్టన్ అందులోదే) గురించి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 1639లో రాబర్ట్ కీన్ అనే బోస్టన్ వ్యాపారి మేకులు, బంగారు గుండీల లాంటివి మరీ ఎక్కువ ధరకు అమ్ముతున్నాడని జనరల్ కోర్టు (ఆ కాలనీకి శాసనసభా, న్యాయస్థానమూ అదే) 200 పౌండ్ల జరిమానా వేసింది, తర్వాత 80కి తగ్గించారు, అది చాలదన్నట్టు చర్చి కూడా పిలిచి అందరి ముందూ చీవాట్లు పెట్టింది. మేకుల కోసం ఇంత రాద్ధాంతమా! అక్కడ పాస్టర్లకు ప్రభుత్వ పదవులు ఉండేవి కావు, కానీ 1631 నుంచి ఓటు చర్చి సభ్యులకే కాబట్టి రెండు చోట్లా కూర్చున్నది ఆ మనుషులే అనుకుంటా. మరి న్యాయమైన ధర ఎంతో ఎవరు తేల్చేవారు? ఇంగ్లండ్ నుంచి వచ్చే సరుకుకి రేటు ముందే రాసిపెట్టేవారా? ఇంకో ఇంగ్లిష్ కాలనీ అయిన వర్జీనియాలో పొగాకు పండించేవాళ్లకి అమ్మే వ్యాపారుల్నీ ఇలాగే నిలదీసేవారా, లేక ఇది ప్యూరిటన్ల దగ్గరేనా?